ఒక్క రాత్రికి ఆ ఊరివాళ్లు

బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో ఏం జరుగుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అటక మీది అట్టపెట్టెలు కిందికి దిగుతాయి. నల్ల ట్రంకు పెట్టెల మీద పాత ఊరి పేరు చెరిపేసి కొత్త ఊరి పేరు తెల్లరంగుతో రాస్తారు. అమ్మ గాజు సామాన్లను పాత చీరల్లో చుడుతుంది. నాన్న టి.సి. కోసం బడి ఆఫీసుకు రెండు మూడు సార్లు తిరుగుతారు. లారీ కదిలాక ఖాళీ గదుల్లో మన మాట మనకే మారుమోగుతుంది.

మూడేళ్లకో నాలుగేళ్లకో ఒకసారి మనం చేసే ఈ పనిని ఆస్ట్రేలియాలో ఎంతోమంది ఇష్టపడి, దాదాపు రోజూ చేస్తుంటారు. వాళ్లు సామాన్లు సర్దరు, లారీ మాట్లాడుకోరు. ఇంటినే కారు వెనక తగిలించుకుని బయలుదేరతారు. ఆ చక్రాల ఇంటి పేరు కారవాన్. నెలల తరబడి ఊరూరా ఆగుతూ, దేశం నడిమి భాగంలోని చిన్న చిన్న ఊళ్లను చుట్టి వస్తారు. చాలాచోట్ల రాత్రి బసకు డబ్బు కూడా కట్టరు.

ఆ ఇల్లు ఎలా నడుస్తుంది? రాత్రికి ఎక్కడ ఆగుతుంది? ముక్కూమొహం తెలియని వాళ్లకు ఒక ఊరు తన స్థలాన్ని ఊరికే ఎందుకు ఇస్తుంది? ఆ సౌకర్యం ఎప్పుడు పోతుంది? తరచూ ఊళ్లు మారే మనకు ఈ ప్రశ్నలు మరీ దూరమైనవేమీ కావు. ఒక్కొక్కటే చూద్దాం.

బిడారు నుంచి కారవాన్ దాకా

కారవాన్ అనే మాటకు మూలం పారసీ భాషలోని కార్వాన్. నీరు దొరకని, దొంగల భయం ఉన్న దారుల్లో వర్తకులు గుంపుగా కదిలేవారు. ఆ గుంపుకే ఆ పేరు. తెలుగులో దానికి సరిగ్గా సరిపోయే మాట బిడారు. రైళ్లు, లారీలు రాకముందు లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కను పీఠభూమి అంతా తిరిగింది బిడారులుగానే. హైదరాబాదులో గోల్కొండ దారిలో కార్వాన్ అనే పేట ఇప్పటికీ ఉంది. ఇంగ్లీషులోకి వెళ్లాక ఈ మాట అర్థం మెల్లగా మారింది. మొదట గుర్రం లాగే ఇల్లులాంటి బండికి, తర్వాత కారు లాగే చక్రాల ఇంటికి అదే పేరు స్థిరపడింది.

ఆస్ట్రేలియా నడిమి నేల ఈ రెండు రకాలనూ చూసింది. 1860లో కరాచీ రేవు నుంచి 24 ఒంటెలు మెల్‌బోర్న్ చేరాయి. వాటితోపాటు వాటిని నడిపే మనుషులూ వచ్చారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు బలూచిస్తాన్, సింధు, పంజాబు, పెషావరు, అఫ్గానిస్తాన్ ప్రాంతాల నుంచి ఒంటెల కాపరులు వస్తూనే ఉన్నారు. వీళ్లలో చాలామంది అప్పటి బ్రిటిషు ఇండియా మనుషులే. అక్కడి వాళ్లు మాత్రం అందరినీ కలిపి అఫ్గాన్లు అనేశారు. గుర్రాలు, ఎద్దులు తట్టుకోలేని ఎండలో గోధుమపిండి, కంచె తీగ, గనుల సామాన్లు, ఉన్ని మూటలు మోసింది వీళ్ల ఒంటెల బిడారులే. దక్షిణ ఆస్ట్రేలియాలోని మారీ అనే చిన్న ఊళ్లో వాళ్లు 19వ శతాబ్దంలోనే మట్టి గోడలతో ఒక మసీదు కట్టుకున్నారు. 1920ల తర్వాత మోటారు లారీలు రావడంతో ఆ వృత్తి పోయింది. అడిలైడ్ నుంచి ఆలిస్ స్ప్రింగ్స్ మీదుగా డార్విన్ వెళ్లే రైలును ఇవాళ ఘాన్ అని పిలుస్తారు. ఆ పేరు అఫ్గాన్ అనే మాటలోంచి మిగిలిందే.

అంటే, ఇవాళ కారవాన్లు పరుగెత్తే దారుల్లో కొన్నింటి మీద మొదట బరువు మోసింది మన ఉపఖండపు మనుషులు, మన వైపు ఒంటెలు.

పటంలో ఖాళీగా కనిపించే చోటు

ఆస్ట్రేలియా విస్తీర్ణం దాదాపు 77 లక్షల చదరపు కిలోమీటర్లు. భారతదేశానికి రెండింతల కన్నా ఎక్కువ. జనాభా మాత్రం దాదాపు 2 కోట్ల 70 లక్షలే. తెలంగాణ ఒక్క రాష్ట్ర జనాభా కన్నా కూడా తక్కువ. ఆ కొద్దిమందిలోనూ ప్రతి పదిమందికి ఎనిమిదిమందికి పైగా సముద్ర తీరానికి 50 కిలోమీటర్ల లోపే ఉంటారు. మిగిలిన విశాలమైన లోపలి భాగాన్ని ఔట్‌బ్యాక్ అంటారు. ఎర్రమట్టి, పొదలు, ఉప్పు సరస్సులు, గొర్రెల, పశువుల పెంపక క్షేత్రాలు, గనులు, వాటి మధ్య ఎక్కడో ఒక ఊరు.

ఆ ఊళ్లు ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ఉంటాయి. అడిలైడ్‌కు ఉత్తరాన దాదాపు 850 కిలోమీటర్ల దూరంలో కూబర్ పీడీ ఉంది. 1915లో అక్కడ ఓపల్ అనే రంగురాయి దొరికింది. ఎండ బాధ తప్పించుకోవడానికి అక్కడి జనం కొండల్ని తొలిచి భూమి లోపలే ఇళ్లు కట్టుకున్నారు. క్వీన్స్‌లాండ్ చివర ఉన్న బర్డ్స్‌విల్‌లో నూటికి అటూఇటూగా మనుషులు ఉంటారు. 1882లో మొదలైన గుర్రప్పందేల కోసం సెప్టెంబరులో అక్కడికి వేలమంది చేరతారు. వింటన్ అనే ఊళ్లో 1920లో క్వాంటాస్ విమాన సంస్థ పుట్టింది. పక్క ఊరు లాంగ్‌రీచ్‌లో ఇవాళ దాని మ్యూజియం ఉంది. ఇక్కడ పక్క ఊరు అంటే 170 కిలోమీటర్లకు పైమాటే.

అక్కడి రుతువులు మనకు తలకిందులు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేసవి. లోతట్టులో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఉత్తరాన అదే సమయంలో వానలు పడి దారులు మునుగుతాయి. అందుకని కారవాన్ల వాళ్లు చలికాలంలో, అంటే మే నుంచి సెప్టెంబరు మధ్య, ఉత్తరానికి ప్రయాణం కడతారు. వీళ్లలో ఉద్యోగ విరమణ చేసిన జంటలు ఎక్కువ. తల నెరిసిన సంచారులు అని అర్థం వచ్చేలా వాళ్లను గ్రే నోమాడ్స్ అని ముద్దుగా పిలుస్తారు. పిల్లల్ని వెంటబెట్టుకుని ఏడాది సెలవు మీద దేశం చుట్టివచ్చే అమ్మానాన్నలూ ఉంటారు.

చక్రాల ఇంటి లెక్కలు

కారవాన్ లోపల మంచం, చిన్న వంటగట్టు, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు, చాలావాటిలో స్నానానికి, మరుగుదొడ్డికి చోటు ఉంటాయి. కారుకు తగిలించే దాన్ని కారవాన్ అంటే, ఇంజనుతో సహా ఒకే బండిగా ఉండే చిన్నదాన్ని క్యాంపర్‌వాన్ అనీ, పెద్దదాన్ని మోటర్‌హోమ్ అనీ అంటారు.

ఇందులో మొదటి పాఠం బరువు. లాగే కారు వెనక ఒక ఉక్కు బంతి ఉంటుంది. కారవాన్ ముందు భాగం దాని మీద కూర్చుంటుంది. నిండా సర్దిన కారవాన్ బరువులో సుమారు పదో వంతు ఆ బంతి మీద పడాలని అనుభవజ్ఞులు చెబుతారు. కారవాన్ 2,000 కిలోలు ఉంటే బంతి మీద దాదాపు 200 కిలోలు. బరువంతా వెనక్కి సర్దితే బంతి మీద ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు వేగంలో గాలి తగిలినా, పెద్ద లారీ దాటినా కారవాన్ తోకలా అటూఇటూ ఊగుతుంది. ఆ ఊపు కారునే తిప్పేయగలదు. బరువు మరీ ముందుకు సర్దితే కారు వెనక భాగం కుంగి, ముందు చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది. అందుకని బరువైన వస్తువులు అడుగున, ఇరుసుకు దగ్గరగా పెట్టాలి. తేలికైనవే పై అరల్లోకి వెళ్లాలి.

రెండోది నీరు. ఒక లీటరు నీరు ఒక కిలో. 100 లీటర్ల ట్యాంకు నింపితే కారవాన్ 100 కిలోలు బరువెక్కుతుంది. అలాగని తక్కువ నింపితే తర్వాతి కుళాయి 300 కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు. కాబట్టి గిన్నెలు కడిగినా, పళ్లు తోముకున్నా లెక్కే. నీటి ట్యాంకరు వచ్చే ఊళ్లలో ఉన్న మనకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

మూడోది కరెంటు. కప్పు మీది సౌర పలకలు పగలంతా బ్యాటరీ నింపుతాయి. రాత్రి దీపాలు, నీళ్ల పంపు, ఫోన్లు దాని మీదే నడుస్తాయి. వంట గ్యాసు సిలిండరు మీద. నాలుగోది, ఎవరూ ఎక్కువగా మాట్లాడనిది, మురుగు. గిన్నెలు కడిగిన నీరు ఒక తొట్టెలోకి వెళ్తుంది. మరుగుదొడ్డి కింద దాదాపు 20 లీటర్లు పట్టే పెట్టె ఉంటుంది. ఇద్దరు మనుషులకు అది కొద్ది రోజుల్లోనే నిండుతుంది. నిండాక ఏం చేయాలన్నదే ఉచిత మజిలీల కథలో అసలు ముడి. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

దారి మర్యాదలు

డార్విన్ నుంచి పోర్ట్ ఆగస్టా దాకా దేశాన్ని నిలువునా చీల్చే స్టువర్ట్ హైవే పొడవు 2,700 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. దక్షిణాన నల్లర్‌బార్ మైదానం దాటే ఐర్ హైవే మీద 146 కిలోమీటర్ల పైచిలుకు దూరం ఒక్క మలుపూ ఉండదు. హైదరాబాదులో బయలుదేరి వరంగల్లు చేరేదాకా స్టీరింగు తిప్పే పనే లేదనుకోండి, అలా ఉంటుంది. నల్లర్‌బార్ అంటే లాటిన్‌లో చెట్టు లేనిది అని అర్థం.

ఈ దారుల్లో రోడ్డు రైళ్లు తిరుగుతాయి. ఒకే ఇంజను బండి వెనక మూడు నాలుగు పెట్టెలు తగిలించిన భారీ లారీలు అవి. కొన్నింటి పొడవు 53.5 మీటర్ల దాకా ఉంటుంది. మన రైలు పెట్టెలు రెండు కలిపినా అంత ఉండవు. అలాంటిది వెనకనుంచి వస్తుంటే కారవాన్ నడిపేవాళ్లు కంగారుపడి పక్కకు దిగకూడదు. ఒకే వేగంతో నిలకడగా పోతూ, దాటే సమయంలో కాస్త నెమ్మదించాలి. చాలామంది బండిలో చిన్న రేడియో పెట్టుకుంటారు. లారీ డ్రైవర్లు 40వ చానల్‌లో మాట్లాడుకుంటారు, కారవాన్ల వాళ్లు 18వ చానల్‌లో. ముఖాలు చూసుకోకుండానే వాళ్లు ఒకరికొకరు దారి చెప్పుకుంటారు.

సూర్యాస్తమయం తర్వాత, తెల్లవారకముందు బండి నడపడం ప్రమాదం. కంగారూలు, పశువులు రోడ్డు మీదికి వచ్చేది ఆ వేళల్లోనే. కాబట్టి పొద్దు వాలకముందే ఎక్కడో ఒకచోట ఆగి తీరాలి. బండి చెడిపోతే దాన్ని వదిలి నీటి కోసం నడిచి వెళ్లకూడదన్నది అక్కడ అందరూ మొదట నేర్చుకునే నియమం. వెదికేవాళ్ల కంటికి మనిషి కన్నా బండి తొందరగా కనిపిస్తుంది.

ఇంకో చిత్రమైన నియమం ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దు దగ్గర బండి ఆపి ఫ్రిజ్ తెరిచి చూస్తారు. పళ్లు, కూరగాయలు, తేనె లాంటివి అక్కడే వదిలేయాలి. ఒక ప్రాంతపు పురుగు, తెగులు మరో ప్రాంతపు తోటల్లోకి పోకుండా ఈ కట్టడి. ఆ సంగతి తెలిసినవాళ్లు ముందురోజే మిగిలిన కూరలన్నీ వండుకు తినేస్తారు.

రాత్రికి ఎక్కడ?

ఆగడానికి నాలుగైదు రకాల చోట్లు ఉన్నాయి. మొదటిది కారవాన్ పార్కు. రుసుము కట్టాలి. కరెంటు, నీళ్లు, స్నానపు గదులు ఉంటాయి. రెండోది హైవే పక్కన డ్రైవర్ల విశ్రాంతికి ప్రభుత్వం కేటాయించిన చోటు. కొన్నిచోట్ల రాత్రి గడపనిస్తారు, కొన్నిచోట్ల గంటల లెక్కే. మూడోది ఊరి ప్రదర్శన మైదానం. ఏడాదికోసారి వ్యవసాయ ప్రదర్శన జరిగే ఆ స్థలం మిగతా రోజుల్లో ఖాళీగానే ఉంటుంది కాబట్టి కొద్ది రుసుముతో కారవాన్లను ఆగనిస్తారు. ఆ డబ్బు మైదానం బాగుకు వెళ్తుంది. నాలుగోది ఊరి హోటలు వెనక దొడ్డి. రాత్రి భోజనం అక్కడే చేస్తే చాలు, బసకు ఏమీ అడగని యజమానులు ఉన్నారు. ఐదోది ఊరి పాలకమండలి వాగు గట్టునో, పార్కు పక్కనో ఉచితంగా ఇచ్చే స్థలం. ఒకటి రెండు రోజులకు మించి ఉండకూడదని బోర్డు ఉంటుంది. పక్కన చందా పెట్టె ఉంటే ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఒక డాలరు, రెండు డాలర్ల నాణేలు బంగారు రంగులో ఉంటాయి. అందుకే బంగారు నాణెం చందా అనే మాట అక్కడ వాడుకలోకి వచ్చింది. వేశారో లేదో చూసేవాళ్లు ఎవరూ ఉండరు.

మన సత్రాలు గుర్తొస్తున్నాయి కదా? యాత్రికులకు తలదాచుకోవడానికి చోటిచ్చిన సత్రాలు మన దారుల్లోనూ ఉండేవి. అయితే సత్రానికి ఒక దాత ఉండేవాడు. ఈ ఊళ్లు ఇలా ఇవ్వడానికి కారణం వేరు.

లోతట్టు ఊళ్లలో చాలావాటికి జనం తగ్గిపోతున్న దిగులు ఉంది. వ్యవసాయ యంత్రాలు పెద్దవయ్యేకొద్దీ పనివాళ్ల అవసరం తగ్గింది. చదువుకున్న పిల్లలు తీరప్రాంత నగరాలకు వెళ్లిపోయారు. జనం తగ్గితే బ్యాంకు శాఖ మూతపడుతుంది, తర్వాత దుకాణం, ఆ తర్వాత బడి. బడి మూతపడ్డ ఊరికి కొత్త కుటుంబం రాదు. హైవే మీద పోయే వందల కారవాన్లలో కొన్నయినా రాత్రికి ఆగితే, ఆగినవాళ్లు రొట్టె కొంటారు, డీజిలు పోయించుకుంటారు, టైరు మార్పించుకుంటారు, మందులు తీసుకుంటారు, హోటల్లో భోజనం చేస్తారు. ఆగకుండా పోయిన బండి ఆ ఊరికి దుమ్ము తప్ప ఏమీ మిగల్చదు. ఖాళీగా పడున్న స్థలం ఇవ్వడం వల్ల ఊరికి పోయేది తక్కువ, వచ్చేది ఎక్కువ.

కొన్ని ఊళ్లు ఇంకో అడుగు ముందుకు వేశాయి. విక్టోరియా రాష్ట్రంలో గోధుమ పండే ప్రాంతంలో బ్రిమ్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ వాడకంలో లేని ధాన్యపు గోపురాలు దాదాపు 30 మీటర్ల ఎత్తున నిలబడి ఉండేవి. గైడో వాన్ హెల్టెన్ అనే చిత్రకారుడు వాటి మీద నలుగురు రైతుల బొమ్మలు వేశాడు. 2016 మొదట్లో ఆ పని పూర్తయింది. అంతవరకు ఆ ఊరి పేరు విననివాళ్లు కూడా బండి ఆపి చూడడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల ఊళ్లూ తమ గోపురాల మీద బొమ్మలు వేయించాయి. ఇవాళ అది దాదాపు 200 కిలోమీటర్ల యాత్రా మార్గం.

1986లో ఏర్పడిన క్యాంపర్‌వాన్ అండ్ మోటర్‌హోమ్ క్లబ్ ఆఫ్ ఆస్ట్రేలియా అనే సంఘం ఇలాంటి ఊళ్లకు ఒక గుర్తింపు ఇస్తుంది. దాని పేరు ఆర్‌వీ ఫ్రెండ్లీ టౌన్. పొడవైన బండ్లు నిలిపే చోటు, తక్కువ ఖర్చుతో రాత్రి బస, తాగే నీరు, నడిచి వెళ్లగలిగే దూరంలో దుకాణాలు, మురుగు పారబోసే చోటు లాంటివి ఉంటే ఆ గుర్తింపు వస్తుంది. ఊరి పొలిమేరలో బోర్డు పెడతారు. ఆ బోర్డు చూసి, దాటి పోదామనుకున్న బండి ఆగుతుంది.

ఉచితం ఎందాక?

ఇదంతా వినడానికి బాగుంది. కానీ ఈ ఏర్పాటు మీద ప్రతి ఊళ్లోనూ అందరూ ఒక మాట మీద లేరు.

కారవాన్ పార్కు నడిపేవాళ్ల బాధ న్యాయమైనదే. వాళ్లు పన్ను కడతారు, బీమా కడతారు, పనివాళ్లకు జీతాలిస్తారు. రెండు వీధుల అవతల ఊరి పాలకమండలే ఉచితంగా చోటిస్తే వాళ్ల దగ్గరికి ఎవరు వస్తారు? యాత్రికుల వాదన ఇంకోలా ఉంటుంది. మా ఇంట్లోనే మంచం, నీళ్లు, మరుగుదొడ్డి ఉన్నాయి, వాడుకోని సౌకర్యాలకు మేమెందుకు కట్టాలి, ఆ మిగిలిన డబ్బు మీ దుకాణాల్లోనే ఖర్చు పెడతాం కదా అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అందుకే కొన్ని ఊళ్లు మధ్యేమార్గం చూశాయి. సొంత మరుగుదొడ్డి, మురుగు తొట్టె ఉన్న బండ్లకే ఉచిత స్థలం అని ఒక నియమం. ఒకటి రెండు రాత్రులే అని ఇంకో నియమం.

అసలు దెబ్బ మాత్రం యాత్రికుల చేతుల్లోంచే వస్తుంది. నూటికి తొంభై తొమ్మిది మంది శుభ్రంగా ఉండి, ఒక్కరు మురుగు పెట్టెను పొదల్లో గుమ్మరించి పోతే, పొద్దున్నే ఆ వాగు గట్టుకు పిల్లల్ని తీసుకొచ్చిన ఊరివాళ్లకు కనిపించేది ఆ ఒక్కరి పనే. ఆ పెట్టెలో వాసన పోవడానికి వేసే మందులు నేలకూ నీటికీ మంచివి కావు. అందుకే డంప్ పాయింట్లు కట్టారు. ఊరి మురుగు కాలువకు కలిపిన మూతగల గుంట అది. పెట్టె అక్కడ పారబోసి, కడిగి, మూత పెట్టి రావాలి. అది లేని ఊళ్లో తర్వాతి ఊరు వచ్చేదాకా ఓపిక పట్టాలి. చెత్త సంచి కూడా అంతే. డబ్బా నిండి ఉంటే పక్కన పెట్టి వెళ్లకూడదు, వెంట తీసుకుపోవాలి. ఎండు కట్టెలు కనిపించాయని ఏరి మంట వేయకూడదు. ఆ కట్టెల కిందే బల్లులు, చిన్న జంతువులు బతుకుతాయి. కార్చిచ్చు భయంతో మంటల మీద నిషేధం పెట్టిన రోజుల్లో మంట వేయడమే నేరం.

ఈ మాటలు వినని చోట ఏం జరుగుతుందంటే, ఒకరోజు బోర్డు మారుతుంది. రాత్రి బస నిషేధం అని కొత్త అక్షరాలు కనిపిస్తాయి. అక్కడ చెత్త వేసినవాడు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు. ఆ బోర్డు చూసేది, సాయంత్రం అలసిపోయి వచ్చిన మరో కుటుంబం. ఉచిత మజిలీకి అసలు ఖరీదు ఇదే. మన బసకు ధర మన ముందు వచ్చినవాళ్లు కట్టి ఉంటారు. మనం కట్టేది మన తర్వాత వచ్చేవాళ్ల కోసం.

కంచె లేనంత మాత్రాన

ఇంకో సంగతి. అంత ఖాళీ నేల చూస్తే ఇది ఎవరిదీ కాదనిపిస్తుంది. అది పొరపాటు. ఆస్ట్రేలియా ఆదివాసులు ఆ నేల మీద 50 వేల ఏళ్లకు పైగా బతుకుతున్నారు. మనకు ఉత్త రాళ్లగుట్టలా కనిపించేది వాళ్లకు పూర్వీకుల కథ నడిచిన చోటు కావచ్చు. ఆదివాసుల భూముల గుండా వెళ్లే కొన్ని దారులకు ముందే అనుమతి పత్రం తీసుకోవాలి. దారి పక్కన ఎక్కడ పడితే అక్కడ దిగకూడదు. దేశం నడిబొడ్డున ఉలూరు అనే పెద్ద ఎర్రని ఏకశిల ఉంది. ఆ నేలకు సొంతదారులైన అనంగు జనం దాన్ని ఎక్కవద్దని ఎన్నో ఏళ్లుగా కోరుతూ వచ్చారు. 2019 అక్టోబరు 26 నుంచి ఎక్కడం పూర్తిగా నిషేధించారు. ఇప్పుడు యాత్రికులు దాని చుట్టూ నడుస్తారు, పొద్దు వాలేటప్పుడు రంగులు మారే రాయిని దూరం నుంచి చూస్తారు.

ప్రయాణించే పిల్లల బడి

చక్రాల ఇంట్లో పిల్లలుంటే చదువెలా? ఈ ప్రశ్న మనకే ముందు తడుతుంది. కారవాన్లో తిరిగే కుటుంబాల్లో చాలామంది పిల్లలు దూరవిద్యలో చేరతారు, లేదా అమ్మానాన్నల దగ్గరే చదువుకుంటారు. ఈ దూరవిద్యకు ఔట్‌బ్యాక్‌లో పెద్ద చరిత్రే ఉంది.

1928లో జాన్ ఫ్లిన్ అనే మతబోధకుడి చొరవతో క్లాంకరీ అనే ఊరి నుంచి విమాన వైద్య సేవ మొదలైంది. రోగి దగ్గరికి డాక్టరు విమానంలో వెళ్తాడు. డాక్టరును పిలవాలంటే రేడియో కావాలి, రేడియోకు కరెంటు కావాలి. ఆల్‌ఫ్రెడ్ ట్రేగర్ అనే ఇంజనీరు సైకిల్‌లా తొక్కితే కరెంటు పుట్టి పనిచేసే రేడియో తయారుచేశాడు. కాలక్రమంలో ఒక్కో పశుక్షేత్రానికీ రేడియో చేరింది. డాక్టరు గొంతు వినిపించే రేడియోలో టీచరు గొంతు ఎందుకు వినిపించకూడదు అన్న ఆలోచన అడిలైడ్ మీత్కే అనే విద్యావేత్తకు వచ్చింది. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో స్కూల్ ఆఫ్ ది ఎయిర్ మొదలైంది. వందల కిలోమీటర్ల దూరాల్లో ఉన్న పిల్లలు ఒకే సమయానికి రేడియో ముందు కూర్చుని హాజరు పలికేవారు. ఇప్పుడు అదే బడి ఉపగ్రహ ఇంటర్నెట్ మీద నడుస్తోంది. ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఆగే యాత్రికులు వెళ్లి ఆ బడిని చూడవచ్చు.

మన బడి పుట్టుక కూడా దీనికి దగ్గరి చుట్టమే. అమ్మానాన్నల బదిలీలతో పిల్లల చదువు తెగిపోకూడదని 1963లో కేంద్రీయ విద్యాలయాలు మొదలయ్యాయి. జోర్హాట్‌లో ఆపిన పాఠాన్ని జామ్‌నగర్‌లో అందుకోగలుగుతున్నామంటే అందుకు కారణం అదే. అక్కడ బడి గొంతును గాలిలో పంపారు. ఇక్కడ ఒకే బడిని ఊరూరా నిలబెట్టారు. రెండు చోట్లా పిల్లవాడు ఎక్కడున్నా పాఠం అక్కడికి చేరాలన్నదే పట్టుదల.

మన లారీ కదిలే ముందు

కారవాన్ల వాళ్లకు ఒక అలవాటు ఉంది. పొద్దున్న బండి తగిలించుకున్నాక, బయలుదేరేముందు ఒకరు దిగి తాము ఆగిన చోటు చుట్టూ ఒకసారి నడుస్తారు. మేకు మిగిలిందా, కాగితం ఎగిరిందా, నిప్పు ఆరిందా చూస్తారు. కారవాన్ దీపాలు వెలుగుతున్నాయో లేదో, గొలుసు తగిలించారో లేదో కూడా అప్పుడే చూస్తారు. ఐదు నిమిషాల పని. వాళ్లు ఆ ఊళ్లో ఉన్నది ఒక్క రాత్రే. అయినా ఆ ఒక్క రాత్రికీ తాము ఆ ఊరివాళ్లమే అన్నట్టు నడుచుకుంటారు.

మనం ఒక ఊళ్లో మూడేళ్లు ఉంటాం. ఎలాగూ వెళ్లిపోతాం కదా అని ఆ ఊరి మాట నేర్చుకోని వాళ్లం మనలో ఉన్నాం. పక్కింటివాళ్ల పేరు చివరి నెలలో తెలుసుకున్నవాళ్లం ఉన్నాం. గోడ మీద మేకులు, మూలన విరిగిన బకెట్టు, పెరట్లో పాత అట్టపెట్టెలు తర్వాత వచ్చేవాళ్లు చూసుకుంటారులే అని వదిలేసినవాళ్లమూ ఉన్నాం.

కానీ మనం దిగిన క్వార్టర్స్ పెరట్లో జామచెట్టు ఉంది. దాన్ని ఎవరు నాటారో మనకు తెలియదు. వాళ్లు కాయ తినేలోపే వాళ్లకు బదిలీ అయ్యుంటుంది. ఆ కాయలు మనం తిన్నాం. ఈసారి ట్రంకు పెట్టెల మీద కొత్త ఊరి పేరు రాసిన రోజు, రంగు ఆరేలోపు, ఇంటి చుట్టూ మనమూ ఒకసారి నడిచి వద్దాం. ఆ జామచెట్టుకు ఒక బకెట్టు నీళ్లు పోసి లారీ ఎక్కుదాం.